మానుకోట పద్ధతి పచ్చీసు

మా అవ్వకు తొండి ఆట అంటే ఒళ్ళు మంట. అవ్వ అంటే మా బాపును కన్న తల్లి. పుట్టిల్లు మానుకోట, మెట్టినిల్లు జనగామ. కాగితాల మీద మహబూబాబాద్ అని ఉన్నా ఆ ఊరిని మా ఇంట్లో ఎవరూ మానుకోట తప్ప మరో పేరుతో పిలవలేదు. పిలిస్తే ఆమె ఊరుకునేది కాదు. పెళ్ళయి వస్తూ తెచ్చుకున్న సామానులో చివరిదాకా కాపాడుకున్నవి ఎర్ర గుడ్డ మీద నల్ల దారంతో కుట్టిన పచ్చీసు పటం, చిన్న సంచిలో గవ్వలు. ఇత్తడి గిన్నెలు ఎవరు తీసుకుపోయినా పట్టించుకోలేదు గానీ గవ్వల సంచిని మాత్రం బొడ్లో దోపుకుని తిరిగేది.

ఆమెకు జోడీ ఎదురింటి అవ్వ. ఆమెదీ మానుకోటే. మధ్యాహ్నం అన్నాలు కాగానే ఇద్దరూ మా అరుగు మీద పటం పరిచేవారు. నేను కాలేజీ నుంచి వచ్చి వీధి మలుపు తిరిగేసరికి గవ్వల చప్పుడు కంటే ముందు వాళ్ళ కయ్యం వినిపించేది. ఆ వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు ఏదో భూమి తగాదా అనుకుని ఆగి చూసేవాళ్ళు. ఆట ముగిశాక ఇద్దరూ ఒక కప్పు చాయిని సగం సగం చేసుకుని తాగి లేచేవారు.

ఎనభైలు ముగింపుకొస్తున్న రోజుల్లో ఎదురింటి అవ్వ కొడుకు పాలకుర్తిలో ఇల్లు కట్టుకుని తల్లిని అక్కడికి తీసుకుపోయాడు. ఆ ఎండాకాలమే మా అవ్వ బావి గచ్చు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. దవాఖానలో చాలా రోజులు ఉంచారు, ఎముక అతుక్కుంది. కానీ ఇంటికి వచ్చాక ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది, అంతే. కూర్చోబెట్టండి, కాళ్ళు కింద పెట్టించండి, కడుపునిండా తినిపించండి, లేకపోతే ఈమె ఇక మంచం దిగదు అని డాక్టరు బాపుతో గట్టిగానే చెప్పాడు.

అమ్మ అన్నం కలిపి తెస్తే రెండు ముద్దలు తిని ఆకలి లేదనేది. కూర్చోబెట్టబోతే నొప్పి అనేది. నేను, అమ్మ, చివరికి బాపు కూడా వంతులు వేసుకుని మంచం పక్కన పచ్చీసు పటం పరిచాం. ఆమె పడుకునే గవ్వలు వేసింది. నాలుగు పందేలు వేసేసరికే మా ఎత్తు ఆమెకు తెలిసిపోయింది. చంపగలిగిన కాయను కూడా చంపకుండా నేను పక్క గడిలోకి జరుపుకుంటుంటే నా చేయి పట్టుకుంది.

"నన్ను గెలిపిస్తున్నవా? నాకు తుంటి ఇరిగింది గని బుర్ర ఇరగలే" అని పటం మడిచి దిండు కింద పెట్టేసింది. నాకు కోపం ముక్కు మీదే ఉండేది ఆ వయసులో. నీ ఇష్టం పో అనేసి వెళ్ళి వంటింట్లో ఏడ్చాను.

ఇక్కడ మా అక్క గురించి చెప్పాలి. అక్క పాలిటెక్నిక్ చదివి, సికింద్రాబాదులో కంప్యూటర్లు అమ్మే ఒక దుకాణంలో కొన్నాళ్ళు పనిచేసింది. మానేసేటప్పుడు అక్కడి నుంచి ఒక పాత కంప్యూటరును తెచ్చుకుంది. కంప్యూటరు అంటే ఇప్పటిలాంటిది కాదు. మీటలున్న ఒక బల్లపరుపు డబ్బా. దాన్ని టీవీకి ఒక తీగతో, టేప్ రికార్డరుకు మరో తీగతో తగిలించాలి. ప్రోగ్రాములన్నీ పాటల క్యాసెట్లలోనే ఉండేవి. క్యాసెట్టు పెట్టి నొక్కితే కీచుమని ఒకటే రొద. ఆ రొదను డబ్బా ఓపిగ్గా విని, అర్థం చేసుకుని, అప్పుడు టీవీ మీద ఆట చూపించేది. అక్కకు పెళ్ళయి భూపాలపల్లి వెళ్ళింది. బావ బొగ్గు గనిలో కరెంటు పని చూసేవాడు. వాళ్ళ క్వార్టరులో అప్పటికి టీవీ లేదు, అందుకని డబ్బా నా దగ్గరే ఉండిపోయింది. అమ్మ దానికి పాత పరదా గుడ్డతో ఒక ముసుగు కుట్టింది.

అవ్వ సంగతి తెలిసి అక్క వచ్చింది. అన్నం విషయం ఎత్తలేదు, డాక్టరు మాట ఎత్తలేదు. డబ్బా ముందు కింద కూర్చుని, పగలంతా మీటలు నొక్కుతూ, అవ్వ కోసం పచ్చీసు ఆడే ప్రోగ్రాము రాసింది. టీవీ మీద తెల్ల గీతలతో పటం, నాలుగు చేతులూ, మధ్యలో ఇల్లు. అవ్వ తన గవ్వలు తానే మంచం మీద వేయవచ్చు, పడిన పందెం నేను నొక్కాలి. డబ్బా తన పందెం తానే వేసుకుంటుంది.

"అవ్వా, దీనికి నువ్వు ముసలిదానివని తెల్వది. తుంటి ఇరిగిందని తెల్వది. దీనికి జాలి లేదు" అంది అక్క.

అవ్వ తల తిప్పి చూసింది. పడుకుంటే టీవీ సరిగ్గా కనపడటం లేదని గొణిగింది. అమ్మ, నేను దిండ్లు పేర్చి కూర్చోబెట్టాం. నొప్పి అన్న మాట ఆమె నోటి నుంచి రాలేదు. ఆ రోజు డబ్బా ఆమె కాయను ఒకటి చంపింది. ఆమె దాన్ని మానుకోట తిట్లన్నీ తిట్టి, మళ్ళీ ఆడింది, ఓడింది, ఓడి నవ్వింది. అక్క నిశ్చింతగా భూపాలపల్లి బస్సెక్కింది.

అక్క వెళ్ళిన రెండో రోజే గొడవ మొదలైంది. డబ్బా అవ్వ కాయల్లో ఒక్కదాన్ని కూడా చంపకుండానే తన కాయను చక్కగా నడిపించుకుంటూ తీసుకెళ్ళి మధ్య ఇంట్లో పెట్టేసింది. అవ్వ గవ్వలు వేయడం ఆపింది. అవ్వ మళ్ళీ చూపించమంటే నేను మళ్ళీ చూపించాను. మానుకోట పద్ధతిలో, కనీసం ఒక ఎదుటి కాయను చంపనివాళ్ళకు ఇంట్లోకి దారి లేదు. ఇది ఆమె దృష్టిలో ఆటలో ఒక నియమం కాదు, అదే ఆట.

"ఎవ్వల్ని ముట్టకుండ ఇంట్ల జొచ్చుడేంది? గిది ఆట కాదు, దొంగతనం" అని దిండ్లు తీసేయమంది. మళ్ళీ గోడ వైపు తిరిగింది. ఆ పూట రెండు ముద్దలు కూడా తినలేదు.

అక్క మీద పట్టరాని కోపం వచ్చింది నాకు. అవ్వ దగ్గరే నేర్చుకుని, అవ్వ ఆటే తప్పు రాస్తుందా అని ఆమె మంచం పక్కనే నిలబడి అరిచాను. గోడ వైపు తిరిగి ఉన్న ఆ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అని భయపడి వంగి చూస్తే, నవ్వుతోంది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం గొడవలు జరిగి బడులు మూతపడ్డ ఏడాది, అక్క కొత్తగా ఒకటో తరగతిలో చేరిన పిల్ల. నేను చేతుల్లో పసిదాన్ని. ఇంట్లో ఊరికే తిరుగుతున్న అక్కకు లెక్కలు రావాలని అవ్వే గవ్వలు చేతికిచ్చి పచ్చీసు నేర్పింది. ఆ కథ మాకు తెలుసు. తెలియనిది ఒకటి మిగిలిపోయింది.

"నేనే జెప్పలే దానికి. పసిపోరి, కాయను సంపుమంటే ఏడుస్తుండె. సంపకున్నా ఇంట్లకు పోవచ్చు తియ్యి బిడ్డా అన్న" అంది అవ్వ.

అంటే అక్క ఇరవై ఏళ్ళుగా పిల్లల ఆటనే అసలు ఆట అనుకుంటోంది. పాలిటెక్నిక్ హాస్టల్లో జిల్లాల నుంచి వచ్చిన పిల్లలందరికీ అదే నేర్పింది, ఎవరైనా కాదంటే కొట్లాడి మరీ ఒప్పించింది. మేం గెలిపిస్తే పటం మడిచిన మనిషి తాను మాత్రం మనవరాలిని ఏడాదంతా గెలిపించింది. ఆ మాట అంటే, గది వేరే ముచ్చట అని తేల్చేసింది.

అక్క ఫోను చేసినప్పుడు ఇదంతా చెప్పాను. మా ఇంట్లో బాపు పత్తి వ్యాపారం కోసం పెట్టించుకున్న ఫోను ఉండేది. అక్క భూపాలపల్లి పోస్టాఫీసు నుంచి ట్రంకు కాల్ బుక్ చేసేది. అంతా విని, "మరి ఇన్నేండ్లు నాకెందుకు జెప్పలే?" అంది. ఆ గొంతులో నిజమైన ఉక్రోషం ఉంది. వెంటనే సరిచేస్తానంది. కాలనీ బడిలో ఇదే రకం కంప్యూటరు ఒకటి బీరువాలో పడి ఉంది. దాన్ని నడపడం పిల్లలకు చూపించమని హెడ్మాస్టరు అక్కనే పిలిచేవాడు. అక్కడ కూర్చుని ప్రోగ్రాముకు కొత్త వరుసలు రాసి క్యాసెట్టులో పంపిస్తానంది.

క్యాసెట్టు తయారైన రోజే ముసురు పట్టింది. వాగులు పొంగి భూపాలపల్లి దారి తెగిపోయింది. బస్సులు లేవు, టపా లేదు. ఎప్పుడు తెరుస్తారో ఎవరూ చెప్పలేని పరిస్థితి. అవ్వ రోజురోజుకీ చిన్నగా అయిపోతోంది. అప్పుడు అక్కకు ఒక ఆలోచన వచ్చింది. క్యాసెట్టులో ఉన్నది రొదే కదా, రొద ఫోనులో పోదా? అక్కడ తాను పోస్టాఫీసుకు టేప్ రికార్డరు తీసుకెళ్ళి, దాని స్పీకరుకు ఫోను ఆనించి పట్టుకుంటుంది. ఇక్కడ నేను మా టేప్ రికార్డరు మైకుకు ఫోను ఆనించి రికార్డు చేసుకోవాలి. తర్వాత ఆ క్యాసెట్టు మా డబ్బాకు వినిపించాలి. ఫోను తీగల్లో పాడైపోకుండా రొదను బాగా నిదానం చేసి పెట్టానని, మొత్తం ఆట కాదు, మారిన వరుసలే పంపుతున్నానని చెప్పింది. ఒకటే షరతు: అది నడుస్తున్నంతసేపు ఇంట్లో ఎవరూ కిక్కురుమనకూడదు.

ఇప్పుడు మా ఇంట్లో కంప్యూటరు తనంతట తానే కొత్త ప్రోగ్రాము దించుకుంటుంది. తెర మీద చక్రం కాస్త ఎక్కువసేపు తిరిగితే పిల్లలు విసుక్కుంటారు. నాకు మాత్రం ఆ చక్రం చూసినప్పుడల్లా ఆ ముసురు వారం గుర్తొచ్చి నవ్వొస్తుంది.

మొదటి రోజు ఫోనును తీగ సాగినంత దూరం లాగి, అవ్వ మంచం తలాపున ఉన్న స్టూలు మీద పెట్టుకున్నాను. కీచుమని రొద మొదలైంది. చప్పుడు చేయకుండా కూర్చున్నాను. ఫోనులో మనవరాలు ఉందని అవ్వకు తెలుసు. మనవరాలు ఏదో ఒకటే పనిగా అరుస్తోంది, అంతే తప్ప ఇంటివాళ్ళు ఎవరూ ఆమెను పలకరించడం లేదు. అవ్వ కొంతసేపు ఓర్చుకుంది. తర్వాత గోడ వైపు నుంచి ఇటు తిరిగి, ఫోను మీదికి మెడ చాపి, చాలా ప్రేమగా అడిగింది.

"తిన్నవా బిడ్డా?"

క్యాసెట్టు డబ్బాకు వినిపిస్తే, అంతదాకా బుద్ధిగా విన్న డబ్బా సరిగ్గా ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయి తప్పు చూపించింది. ఎన్నిసార్లు వెనక్కి తిప్పి పెట్టినా అక్కడే ఆగింది.

మర్నాడు ఫోనును ముందు గదిలోనే ఉంచి తలుపు వేశాను. రొద సగానికి వచ్చింది. నేను చూపు తిప్పిన క్షణంలో బాపు వీధిలోంచి గొడుగు ముడుస్తూ వచ్చాడు. ఫోను ఎత్తి పక్కన పెట్టి ఉండటం చూశాడు. చెవికి పెట్టుకున్నాడు. కూతురు లైనులో ఉందని తప్ప ఆయనకు మరే ఆలోచనా రాలేదు. "హలో, తిన్నవా బిడ్డా?" అన్నాడు. నేను బాపు మీద గొంతెత్తిన రోజు నా బతుకులో అదొక్కటే. ఆయన పాపం తడి గొడుగుతో అలాగే నిలబడ్డాడు.

మూడో రోజు ఇల్లంతా కట్టుదిట్టం చేశాం. ఎక్స్ఛేంజీలో ఆపరేటరుకు కూడా బాపు ముందే చెప్పి ఉంచాడు, మధ్యలో మాట్లాడవద్దు, లైను తీయవద్దు అని. ఆ ఆపరేటరు మా వీధి అందరికీ గొంతుతోనే పరిచయం, ఎవరింట్లో ఏ శుభకార్యమో ఆయనకే ముందు తెలిసేది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు, చివరిదాకా. చివరి వరుసలు వస్తుండగా ఇక ఆగలేకపోయాడు. "ఇంతకు తిన్నవా చెల్లే? అవ్వ అడిగిందట, బాపు అడిగిండట, నువ్వు పలుకుతలేవు" అన్న మాట రొద మధ్యలోంచి స్పష్టంగా వినిపించింది.

నేను తల పట్టుకున్నాను. రొద ముగిశాక అక్క ఫోను నోటి దగ్గర పెట్టుకుని, వచ్చిందా అని అడిగింది. క్యాసెట్టు నడుస్తున్నంతసేపు తన ఫోను స్పీకరుకు ఆనించి, పైనుంచి దుప్పటి కప్పి పట్టుకుంటుంది కాబట్టి ఇటు మాటలేవీ ఆమెకు వినిపించవు. మొదటి రెండు రోజులూ పాడైందని మాత్రమే చెప్పాను, ఈసారి ముగ్గురూ ఎలా పాడుచేశారో కోపంగా ఏకరువు పెట్టాను.

"ఏమడిగింది అవ్వ?" అంది అక్క.

"ఏమడుగుతది? తిన్నవా అని. అందరు గదే" అన్నాను. అక్క నవ్వడం వినిపించింది. ఏదో చెప్పబోయింది గానీ లైను తెగిపోయింది.

ఆ సాయంత్రం అవ్వ నన్ను పిలిచింది. అంతా తనవల్లే మొదలైందని ఆమెకు అర్థమైంది. రేపు ఫోను దగ్గర తానే కాపలా కూర్చుంటానంది. అందరికంటే ముందు నోరు జారిన మనిషికి కాపలా ఎలా అప్పగించాలి? కానీ ఆమె ఒక పని చేస్తానని అడిగి ఎన్ని రోజులైందో తలుచుకుని అమ్మ వెంటనే సరేనంది.

మర్నాడు బాపు, అమ్మ చెరోవైపు పట్టుకుని ఆమెను ముందు గదిలోకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. చేతికి కర్ర ఇచ్చారు. రొద మొదలవగానే అవ్వ కొంగును ఉండ చుట్టి తన నోట్లో తానే కుక్కుకుంది. బాపు గడప దగ్గర దగ్గబోతే కర్ర ఎత్తింది. పాలు పోసే ఆమె గేటు తీయబోతే కిటికీలోంచి కర్ర ఊపింది. ఫోను వైపు చూసినప్పుడల్లా ఆ కళ్ళు తిన్నవా అని అడుగుతూనే ఉన్నాయి, నోరు మాత్రం మెదలలేదు. అమ్మ నా మోచేయి గిల్లి కిందికి చూడమంది. కర్ర ఎత్తడానికి ఊతం కోసం అవ్వ రెండు కాళ్ళూ నేల మీద ఆనించి ఉంది. ఆ సంగతి ఆమె గమనించలేదు. మేమూ గుర్తు చేయలేదు.

అవ్వ కుర్చీని టీవీ ముందుకు జరిపాక, క్యాసెట్టు వెనక్కి తిప్పి డబ్బాకు వినిపించాను. అవ్వ ఆపిన చోటు దాటింది. బాపు ఆపిన చోటు దాటింది. ఆపరేటరు చోటు కూడా దాటి, రొద ఆగిపోయింది. తప్పు చూపలేదు. అక్క చెప్పినట్టు పాత ఆటకు కొత్త వరుసలు కలిపి, ఆట మొదలుపెట్టే మీట నొక్కాను. పటం రాలేదు. నల్లటి తెర మధ్యలో ఒక వరుస అక్షరాలు వచ్చి నిలబడ్డాయి. ఆ డబ్బాలో ఇంగ్లీషు అక్షరాలే ఉండేవి, కానీ మాటలు మనవే. మొదటి మూడు రోజులూ పంపిన క్యాసెట్టు కాదది. లైను తెగిన సాయంత్రం అక్క మళ్ళీ బడి తాళాలు అడిగి తీసుకుని, ఆ వరుస చేర్చి పంపింది.

అవ్వకు ఏ భాషా చదవడం రాదు. నోట్లోంచి కొంగు తీసి, ఏం రాసిందని అడిగింది. పైకి చదివాను.

"తిన్న అవ్వా. నువ్వు తిన్నవా?"

అవ్వ తెర వైపు మెడ చాపింది. ఇంకోసారి చదవమంటే నేను చదవలేకపోయాను. అవ్వ నన్ను వదిలేసి టీవీకే నేరుగా జవాబు చెప్పింది.

"ఇంకా తినలే బిడ్డా. ఇగ తింట" అని, వంటింటి వైపు తిరిగి అమ్మను అన్నం పెట్టమంది.

కుర్చీలోనే కూర్చుని, కుడి చేత్తో తింటూ ఎడమ చేత్తో గవ్వలు వేసింది. మొదటి ఆటలోనే డబ్బా కాయ ఇంటి దాకా వచ్చి, ఎవరినీ చంపలేదు కాబట్టి వాకిట్లోనే ఆగిపోయి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఇప్పుడు దీనికి బుద్ధొచ్చింది, ఇది మానుకోట పిల్లే అని అవ్వ పెద్దగా నవ్వింది. ఆ నవ్వుకు బాపు లోపలికి వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

వాగులు తగ్గాయి, దారి తెరిచారు. పండుగకు అక్క వచ్చేసరికి అవ్వ కర్ర పట్టుకుని గేటు దాకా ఎదురు నడిచింది. ఇక ఆ వరుస అక్కర్లేదు కదా, తీసేయనా అని అక్క అడిగితే నేను వద్దన్నాను. ఆట పెట్టిన ప్రతిసారీ పటం కంటే ముందు ఆ ప్రశ్న వచ్చేది, నేను చదివేదాన్ని, అవ్వ తిన్న అని జవాబు చెప్పాకే గవ్వలు తీసేది. మనవరాలికి అబద్ధం చెప్పడం ఇష్టం లేక, నేను డబ్బా ముసుగు తీస్తున్నానంటే చాలు, ఆమె వంటింట్లోకి వెళ్ళి ముందు అన్నం తిని వచ్చేది.